ఎంఎస్ మందు మొదలుపెట్టే ముందు: ఏ జన్యు పరీక్ష చేయించుకోవాలి, ఏది అక్కర్లేదు

కిందటి వేసవిలో తెనాలి వైపు నుంచి 34 ఏళ్ల స్త్రీ ఒకరు గుంటూరు కొత్తపేటలోని ఒక న్యూరాలజీ క్లినిక్‌కు వచ్చినప్పుడు, ఫార్మ్‌డి విద్యార్థులకు పాఠం చెప్పే పనిమీద నేను అక్కడే ఉన్నాను. ఆమె ఫైలు కంటే ముందు బట్టల షాపు కవరొకటి తీసి బల్లమీద పెట్టారు. అందులో ఉండ చుట్టిన జుట్టు, పిడికిలి నిండా ఉంది. తలకు పోసుకున్న రోజున దువ్వెనతో పాటు ఊడి వచ్చిందట. "జుట్టు పోతే పోయింది సార్, కాళ్లు నిలబడితే చాలనుకున్నాను. ఇప్పుడు నోరంతా పుండ్లు, రాత్రి జ్వరం" అన్నారు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్: రోగనిరోధక శక్తి తన మెదడు, వెన్నుపాము నరాలనే దెబ్బతీసే జబ్బు) అని నిర్ధారించి ఆమెకు అజాథయోప్రిన్ మాత్రలు మొదలుపెట్టి అప్పటికి నాలుగో వారం. ఆ ఉదయం చేయించిన రక్తపరీక్షలో, 4,000కు పైగా ఉండవలసిన తెల్ల రక్తకణాలు 1,300 ఉన్నాయి. ఫైలు మొదటి పేజీలో మాత్రం, మందుకు ముందే చేయించిన జన్యు పరీక్ష రిపోర్టు భద్రంగా ఉంది: "టీపీఎంటీ సాధారణం".

ఆ రిపోర్టులో అబద్ధమేమీ లేదు. మన ప్రాంతపు మనిషి విషయంలో తప్పక అడగవలసిన రెండో జన్యువు పేరు అందులో లేదు, అంతే. ఎన్‌యూడీటీ15 అనే ఆ జన్యువును తర్వాత పరీక్షించినప్పుడు, ఆమెకు తల్లి నుంచి వచ్చిన ప్రతి (కాపీ), తండ్రి నుంచి వచ్చిన ప్రతి, రెండూ మార్పు చెందినవేనని తేలింది.

విజయవాడ, గుంటూరు ప్రాంతంలో ఎంఎస్‌కు మందు ఎంచుకునే దశలో ఉన్నవారు నన్ను అడిగే ప్రశ్నల్లో ఇప్పుడు ఎక్కువగా వినిపించేది ఇదే: "జన్యు పరీక్ష చేయించుకుంటే సైడ్ ఎఫెక్టులు ముందే తెలుస్తాయటగా?" కొన్ని మందులకు తెలుస్తాయి, చాలా మందులకు తెలియవు. ఏ మందుకు ఏ పరీక్ష పనికొస్తుందో పోల్చి చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. మందు నిర్ణయం మీ న్యూరాలజిస్టుదే. అయితే ఆ నిర్ణయం జరిగే పది నిమిషాల్లో ఏమి అడగాలో తెలిసి వెళ్లడం మీ చేతిలో ఉంది.

ముందుగా ఒక గందరగోళం తీరాలి

జబ్బు రావడానికి తోడ్పడే జన్యువులు వేరు, మందు వికటించడానికి కారణమయ్యే జన్యువులు వేరు. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1*15:01 అనే జన్యు రూపం ఉన్నవారిలో ఎంఎస్ వచ్చే అవకాశం కొంత ఎక్కువని చాలా ఏళ్లుగా తెలుసు. ఇంటర్నెట్‌లో "ఎంఎస్ జన్యు పరీక్ష" అని వెతికితే మొదట కనిపించేది దాని గురించే. జబ్బు అప్పటికే నిర్ధారణ అయినవారికి ఆ పరీక్ష ఏ మందు వాడాలో చెప్పదు, ఏ మందు మానాలో కూడా చెప్పదు. మనకు కావలసినవి మందును శరీరం విరిచి బయటకు పంపే ఎంజైముల జన్యువులు, మందును చూసి రోగనిరోధక వ్యవస్థ రెచ్చిపోయేలా చేసే జన్యువులు.

ఒక పరీక్ష మీద డబ్బు పెట్టవచ్చా లేదా అని తేల్చుకోవడానికి నేను మూడు సంగతులు చూస్తాను. ఫలితాన్ని బట్టి మందు గాని మోతాదు గాని నిజంగా మారుతుందా? ఆ దుష్ప్రభావం నెలకోసారి చేయించే మామూలు రక్తపరీక్షకు దొరికేలోపే ముంచుకొచ్చే రకమా? ఆ జన్యు రూపం మన జనంలో చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉందా? మూడింటికీ అవునని చెప్పగలిగిన పరీక్షలు ఎంఎస్ చికిత్స మొత్తంలో నాకు మూడే కనిపిస్తాయి. అజాథయోప్రిన్‌కు ముందు ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ కలిపి. సిపోనిమాడ్‌కు ముందు సీవైపీ2సీ9. నరాల నొప్పికి కార్బమజెపైన్ రాస్తే దానికి ముందు హెచ్‌ఎల్‌ఏ-బి*15:02.

అజాథయోప్రిన్: ఒక జన్యువు చాలదు

అజాథయోప్రిన్ పాత మందు, చవక మందు. ఎంఎస్‌కు ఇది మొదటి వరుస మందు కాకపోయినా, నెలనెలా వేలు పోయలేని కుటుంబాలకు డాక్టర్లు దీన్ని ఇప్పటికీ రాస్తారు. ఎంఎస్‌ను పోలి ఉండే ఎన్‌ఎంఓ అనే జబ్బులో దీని వాడకం ఇంకా ఎక్కువ. ఎంఎస్‌కు వాడే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమాడ్ వంటివి ఎన్‌ఎంఓను ఇంకా ముదరబెట్టగలవు కాబట్టి, అనుమానం ఉన్నప్పుడు ఏ జన్యు పరీక్ష కంటే ముందైనా ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ పరీక్షతో ఆ రెండింటిలో ఏ జబ్బో తేల్చుకోవాలి.

మాత్ర కడుపులోకి వెళ్లాక అజాథయోప్రిన్ మెర్‌కాప్టోప్యూరిన్‌గా మారుతుంది, అందులో కొంత భాగం కణాల్లో థయోగ్వానిన్ పదార్థాలుగా మారి, వేగంగా పుట్టే కణాల డీఎన్‌ఏలో చేరుతుంది. తెల్ల రక్తకణాలను అదుపు చేసేది ఇదే, మోతాదు మించితే ఎముక మజ్జను ఎండగట్టేదీ ఇదే. ఈ దారిలో రెండు చోట్ల కాపలా ఉంది. టీపీఎంటీ అనే ఎంజైము మందులో కొంత భాగాన్ని ముందే పక్కదారి పట్టిస్తుంది. ఎన్‌యూడీటీ15 అనే ఎంజైము చివరి మెట్టులో నిలబడి, డీఎన్‌ఏలో చేరడానికి సిద్ధమైన పదార్థాన్ని మళ్లీ నిర్వీర్యం చేస్తుంది. ఏ కాపలా లేకపోయినా మామూలు మోతాదే విషమవుతుంది.

టీపీఎంటీ లోపం యూరప్ జనంలో ఎక్కువ. అక్కడ ప్రతి 10 మందిలో ఒకరికి ఒక ప్రతి లోపంతో ఉంటుంది, దాదాపు 300 మందిలో ఒకరికి రెండు ప్రతులూ లోపంతో ఉంటాయి. పాఠ్యపుస్తకాలు అక్కడివి కావడం వల్ల మనవాళ్లు కూడా ఏళ్ల తరబడి టీపీఎంటీ ఒక్కటే రాస్తూ వచ్చారు. మన దేశంలో ఆ లోపం అంతకంటే చాలా తక్కువ. మనకు ఎక్కువగా ఉన్నది ఎన్‌యూడీటీ15 మార్పు. పేగుల జబ్బు ఉన్న కొరియా రోగుల మీద 2014లో వెలువడిన పరిశోధనతో దీని ప్రాముఖ్యం బయటపడింది. దక్షిణాసియా జనంలో ఈ జన్యువు ప్రతి 100 ప్రతుల్లో సుమారు 7 మార్పు చెందినవి. అంటే లెక్క ప్రకారం ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరికి ఒక ప్రతి, దాదాపు 200 మందిలో ఒకరికి రెండు ప్రతులూ అలాంటివే. యూరప్ జనంలో 100కు ఒకటి కూడా ఉండదు.

ఒక ప్రతి మాత్రమే మార్పు చెందినవారికి మందు పూర్తిగా నిషిద్ధం కాదు. తక్కువ మోతాదుతో, అంటే మామూలు మోతాదులో 30 నుంచి 80 శాతంతో మొదలుపెట్టి, రక్తకణాల లెక్క చూసుకుంటూ పెంచమని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతాయి. రెండు ప్రతులూ మారినవారికి, ఎంఎస్ వంటి కేన్సర్ కాని జబ్బుల్లో వేరే మందు చూసుకోవడమే మార్గం. అలాంటివారిలో మొదటి ఒకటి రెండు నెలల్లోనే తెల్లకణాలు కూలిపోతాయి. దానికి కాస్త ముందుగానో, దానితో పాటుగానో జుట్టు గుత్తులు గుత్తులుగా ఊడుతుంది. అందుకే అజాథయోప్రిన్ మొదలైన తొలి రెండు నెలల్లో జుట్టు ఊడడాన్ని ఉప్పునీళ్ల మీదికో, మానసిక ఒత్తిడి మీదికో నెట్టేయకూడదు. ఆ రోజే సీబీసీ (రక్తకణాల లెక్క తేల్చే పరీక్ష) చేయించాలి.

పరీక్ష రాయించుకునేటప్పుడు "టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15, రెండిటి జన్యు పరీక్ష" అని కాగితం మీద ఉందో లేదో చూసుకోండి. టీపీఎంటీని ఎంజైము పనితీరుగా కొలిచే పరీక్ష కూడా ఉంది. గత రెండు మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నవారిలో అది దాత ఎంజైమును కొలిచి మభ్యపెట్టవచ్చు కాబట్టి జన్యు పరీక్షే మేలు. ఇంత చేశాక కూడా, రిపోర్టు సాధారణంగా వచ్చినవారికి సైతం, మొదటి నెల వారానికోసారి, రెండో, మూడో నెలల్లో పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత నెలకోసారి సీబీసీ తప్పదు. జన్యువులతో నిమిత్తం లేకుండా కూడా తెల్లకణాలు పడిపోవచ్చు. యూరిక్ యాసిడ్‌కు అల్లోప్యూరినాల్ వాడేవారి సంగతి చూడండి. జన్యువులు రెండూ బాగున్నా, ఆ రెండు మందులు కలిస్తే అజాథయోప్రిన్ మోతాదును మూడో వంతుకో, నాలుగో వంతుకో తగ్గించాల్సి వస్తుంది. కీళ్లనొప్పులకని మరో డాక్టరు రాసిన చీటీని న్యూరాలజిస్టుకు చూపకపోవడం వల్ల జరిగే ప్రమాదం, నా అంచనాలో, జన్యువుల వల్ల జరిగే దానికేమీ తీసిపోదు.

సిపోనిమాడ్: పరీక్ష లేకుండా మొదలే లేదు

దీని విషయంలో ఎంపిక ప్రశ్న లేదు. 2019 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించినప్పుడే, మందు మొదలుపెట్టే ముందు సీవైపీ2సీ9 జన్యు పరీక్ష చేయాలని లేబుల్‌లో రాశారు. ఎంఎస్ మందుల్లో జన్యు ఫలితాన్ని బట్టి మోతాదు నిర్ణయించమని ఇంత కచ్చితంగా చెప్పేది ఇదొక్కటే. జబ్బు రెండో దశకు చేరి, అంటే ఎటాక్‌ల (లక్షణాలు ఒక్కసారిగా ముదిరే సందర్భాల) మధ్య కోలుకోవడం తగ్గి నడక నెమ్మదిగా దిగజారుతున్న దశలో, ఇంకా ఎమ్మారైలో కొత్త మచ్చలు గాని ఎటాక్‌లు గాని కనిపిస్తున్నవారికి ఇది ముఖ్యంగా పనికొస్తుంది.

సీవైపీ2సీ9 కాలేయంలో ఉండే ఎంజైము, సిపోనిమాడ్‌ను విరిచేది ప్రధానంగా అదే. దాని మామూలు రూపాన్ని *1 అని, మందకొడి రూపాల్లో మనకు ముఖ్యమైన రెండింటిని *2, *3 అని రాస్తారు. *3 రూపం మరీ మందకొడి. *3/*3 ఉన్నవారిలో అదే మోతాదుకు రక్తంలో మందు దాదాపు 4 రెట్లు పేరుకుంటుంది కాబట్టి వారికి సిపోనిమాడ్ నిషిద్ధం. *1/*3, *2/*3 ఉన్నవారికి రోజువారీ మోతాదు 1 మిల్లీగ్రాము. మిగిలినవారికి 2 మిల్లీగ్రాములు. మందు పేరుకుంటే జరిగేది ఏమిటంటే గుండె వేగం తగ్గడం, లింఫోసైట్లు (ఒక రకం తెల్లకణాలు) మరీ పడిపోవడం, కాలేయ ఎంజైములు పెరగడం, చూపుకు కీలకమైన కంటి మాక్యులాలో నీరు చేరడం. మామూలు మోతాదులోనూ అక్కడక్కడ కనిపించేవే ఇవి, 4 రెట్లలో ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

యూరప్ పుస్తకాలు చదివి "ఇది అరుదైన సంగతి" అనుకునే పొరపాటు ఇక్కడా జరుగుతుంది. *3 రూపం దక్షిణాసియాలో తక్కువేమీ కాదు. ప్రతి 100 ప్రతుల్లో సుమారు 11 దాకా కనిపిస్తుంది, జనసమూహాన్ని బట్టి హెచ్చుతగ్గులుంటాయి. ఆ లెక్కన మనలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి కనీసం ఒక *3 ప్రతి ఉంటుంది, అంటే వారిలో ఒక *3 ప్రతే ఉన్నవారికి సగం మోతాదే సరిపోతుంది, రెండూ *3 అయినవారికి మందే కుదరదు. ఇలాంటి లెక్కలకు ఆధారమైన 1000 జీనోమ్స్ ప్రాజెక్టులో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారిని ప్రత్యేక సమూహంగా చేర్చారన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక్కడ మన ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది: మేనరికం. బంధుత్వం లేని దంపతుల బిడ్డకు *3/*3 వచ్చే అవకాశం, పైన చెప్పిన 11 శాతం లెక్కతో, సుమారు 1.2 శాతం. మేనబావ మేనమరదళ్ల బిడ్డకు అది సుమారు 1.8 శాతానికి, మేనమామ అక్క కూతుళ్ల బిడ్డకు సుమారు 2.4 శాతానికి పెరుగుతుంది. ఇవి సర్వేలో తేలిన అంకెలు కావు, జన్యుశాస్త్రపు మామూలు సూత్రంతో కట్టిన లెక్క. తరతరాలుగా అదే కుటుంబాల మధ్య పెళ్లిళ్లు జరిగినచోట ఇంకా పెరగవచ్చు కూడా. ఎన్‌యూడీటీ15కూ ఇదే తర్కం వర్తిస్తుంది. తెనాలి నుంచి వచ్చిన ఆమె తల్లిదండ్రులది మేనరికమే. డాక్టరు కుటుంబ వివరాలు రాసుకునేటప్పుడు "మీ అమ్మానాన్నలది దగ్గర సంబంధమా?" అని అడిగితే నొచ్చుకోవలసిన పని లేదు, అడగకపోతే మీరే చెప్పాలి.

ఒక చిన్న జనంలోనే పెళ్లిళ్లు జరగడం వల్ల మందు వికటించే జన్యువు పోగుపడడం తెలుగునేలకు కొత్త కాదు. ఆర్యవైశ్యుల్లో బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం మిగతావారి కంటే దాదాపు 100 రెట్లు ఎక్కువని 2017లో ప్రచురితమైన జన్యు అధ్యయనం పేర్కొంది. ఆ లోపం ఉన్నవారికి ఆపరేషన్ వేళ సక్సినైల్‌కోలిన్ ఇస్తే నిమిషాల్లో తేరుకోవలసిన కండరాలు గంటల తరబడి సడలిపోయి ఉంటాయి. మత్తు డాక్టర్లకు ఇది ఏనాటి నుంచో తెలిసిన విషయం. ఇందులో ఎక్కువ తక్కువల మాట ఏమీ లేదు. ప్రతి సమూహానికీ ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది, కొన్ని బయటపడ్డాయి, కొన్ని పడలేదు.

సిపోనిమాడ్ గురించి ఇంకొక మాట, ఎందుకంటే రిపోర్టు సాధారణంగా వచ్చినవారు దీన్నే మరిచిపోతారు. జన్యువు *1/*1 అయినా, ఫ్లూకొనజోల్ మాత్రలు వేసుకుంటే ఆ ఎంజైము మూగబోయి రక్తంలో సిపోనిమాడ్ రెట్టింపు అవుతుంది. బెజవాడ ఉక్కలో తామర రాని ఇల్లు తక్కువ. మందుల షాపులో నోటిమాటతో ఫ్లూకొనజోల్ ఇవ్వని వీధి అంతకంటే తక్కువ. ఆ రెండు మందుల్నీ కలపకూడదు. దీనికి ఎదురుగా క్షయకు వాడే రిఫాంపిసిన్, నొప్పికి వాడే కార్బమజెపైన్ సిపోనిమాడ్‌ను త్వరగా విరిచేసి పనిచేయకుండా చేస్తాయి. మూర్ఛకు ఫెనిటాయిన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడాల్సి వచ్చినా ఇదే సీవైపీ2సీ9 ఫలితం పనికొస్తుంది. అందువల్ల ఈ పరీక్షకు పెట్టిన డబ్బు ఒక్క మందుకే పరిమితం కాదు.

కార్బమజెపైన్: ఎంఎస్ మందు కాదు గాని

ఎంఎస్ ఉన్నవారిలో కొందరికి ముఖంలో ఒకవైపు కరెంటు షాకు కొట్టినట్టు నొప్పి వస్తుంది. పళ్లు తోముకున్నా, చల్లగాలి తగిలినా మొదలవుతుంది. దీనికి మొదట రాసే మందు కార్బమజెపైన్. హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 రూపం ఉన్నవారిలో ఇది చర్మం, నోరు, కళ్లు బొబ్బలెక్కి పొరలు పొరలుగా ఊడే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్‌కు దారి తీయవచ్చు. తైవాన్ రోగుల్లో 2004లో ఈ సంబంధం బయటపడింది. ఆసియా మూలాలున్నవారికి ముందుగా పరీక్ష చేయాలని 2007లో ఎఫ్‌డీఏ సూచించింది. ఆ మందు లేబుల్ భారతీయులతో సహా దక్షిణాసియావారిలో ఈ రూపం సగటున 2 నుంచి 4 శాతం మందిలో ఉంటుందని చెబుతుంది.

ఇక్కడ నా సలహా సూటిగా ఉంటుంది. రిపోర్టు వచ్చేదాకా నొప్పిని ఓర్చుకోగలిగితే పరీక్ష చేయించి మొదలుపెట్టండి. ఓర్చుకోలేకపోతే, రిపోర్టు వచ్చేదాకా గాబాపెంటిన్ వంటి ఈ జన్యువుతో సంబంధం లేని మందుతో గడిపే వీలుందేమో డాక్టరును అడగండి. ఆక్స్‌కార్బజెపైన్ ఇస్తే సరిపోతుందని కొందరంటారు గాని, ఆ జాగ్రత్త దానికీ వర్తిస్తుంది. కార్బమజెపైన్ ఇప్పటికే ఏడాదిగా వాడుతూ ఏ దద్దురూ రానివారు ఇప్పుడు భయపడి పరీక్షకు పరుగెత్తనక్కర్లేదు, ఆ ప్రమాదం ప్రధానంగా మొదటి కొన్ని నెలల్లోదే.

పరీక్ష అక్కర్లేని మందులు

మిగిలిన ఎంఎస్ మందుల దుష్ప్రభావాలకూ జన్యువులకూ సంబంధాలు కనిపెట్టలేదని కాదు. బీటా ఇంటర్‌ఫెరాన్ వల్ల కాలేయం దెబ్బతినడానికీ ఐఆర్‌ఎఫ్6 అనే జన్యువు దగ్గర ఉన్న ఒక మార్పుకూ సంబంధముందని 2018లో ప్రచురితమైంది. కొన్ని హెచ్‌ఎల్‌ఏ రూపాలున్నవారిలో ఇంటర్‌ఫెరాన్‌ను పనిచేయనివ్వని యాంటీబాడీలు ఎక్కువగా పుడతాయని కూడా తెలుసు. అయినా ఇంటర్‌ఫెరాన్ వాడేవారికి ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల చేయించే కాలేయ పరీక్షే ఆ ప్రమాదాన్ని అందుబాటు ధరలో, సకాలంలో పట్టుకుంటుంది. ముంచుకొచ్చేలోపే దొరికిపోయే దుష్ప్రభావానికి జన్యు పరీక్ష దండగ.

నటాలిజుమాబ్ సంగతి వేరు. 2004 నవంబరులో అనుమతి పొంది, పీఎంఎల్ అనే ప్రాణాంతకమైన మెదడు ఇన్‌ఫెక్షన్ కనిపించడంతో 2005 ఫిబ్రవరిలో ఆగిపోయి, 2006లో కట్టుబాట్లతో తిరిగి వచ్చిన మందు అది. కొన్ని అరుదైన రోగనిరోధక జన్యు మార్పులు ఉన్నవారికి పీఎంఎల్ ముప్పు ఎక్కువని పరిశోధనలు సూచించాయి. అవి లేవని తేలినంత మాత్రాన ముప్పు తప్పినట్టు కాదు కాబట్టి, ఈ రోజుకు నిర్ణయం పీఎంఎల్ తెచ్చే జేసీ వైరస్ యాంటీబాడీ సూచిక, ఎంతకాలం వాడారు, అంతకుముందు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు ఏమైనా వాడారా అన్నదాని మీదే నడుస్తుంది. మైటోక్సాంట్రోన్ గుండెను దెబ్బతీయడంలోనూ జన్యువుల పాత్ర ఉంది. దానికి కూడా ప్రతి మోతాదుకు ముందు ఎకో, జీవితకాలంలో చదరపు మీటరుకు 140 మిల్లీగ్రాముల హద్దు, ఇవే రక్షణ. నన్నడిగితే, వేరే దారి ఉన్నంతవరకు ఆ మందు జోలికే వెళ్లవద్దంటాను.

ఫింగోలిమాడ్ సిపోనిమాడ్‌కు వరసైన మందే అయినా దాన్ని విరిచేది వేరే ఎంజైము కాబట్టి సీవైపీ2సీ9 పరీక్ష అక్కర్లేదు. బదులుగా మొదటి మాత్ర వేసుకున్న రోజున 6 గంటలు నాడి, బీపీ చూస్తూ ఆసుపత్రిలో ఉండాలి, ముందు వెనుక ఈసీజీ తీయాలి. చికెన్‌పాక్స్ యాంటీబాడీ, కంటి పరీక్ష ఉండనే ఉన్నాయి. డైమిథైల్ ఫ్యూమరేట్‌కు ఆరు నెలలకోసారి లింఫోసైట్ల లెక్క, టెరిఫ్లూనమైడ్‌కు కాలేయ పరీక్ష చాలు. రిటుక్సిమాబ్‌కు హెపటైటిస్-బి పరీక్ష, క్షయ గురించిన విచారణ, ఇమ్యూనోగ్లోబులిన్ స్థాయి ముఖ్యం. మన దేశంలో ఈ మందు కొంతవరకు అందుబాటులోకి రావడానికి 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ తెచ్చిన, అసలు మందును పోలిన బయోసిమిలర్‌తో దారి పడింది.

ఒక్క జన్యువా, పెద్ద ప్యానెలా

విజయవాడ సూర్యారావుపేటలో గాని, గుంటూరులో గాని రక్తం ఇచ్చినా ఈ పరీక్షలు సాధారణంగా అక్కడే జరగవు. ఊదారంగు మూత గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం తీసి పెద్ద నగరంలోని ల్యాబుకు పంపుతారు, రిపోర్టుకు రోజులో వారాలో పడుతుంది. ఎటాక్ వచ్చినప్పుడు ఇచ్చే మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌కు ఈ రిపోర్టులతో పని లేదు. దాని కోసం ఆ చికిత్స ఆపవద్దు. స్టెరాయిడ్ ఎక్కుతున్నప్పుడు రక్తం ఇచ్చినా జన్యు ఫలితం మారదు.

వంద మందులకు పైగా పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చూపే ప్యానెళ్లు ఇప్పుడు అమ్ముడవుతున్నాయి. వాటి మీద నాకు వ్యతిరేకత లేదు గాని, ఎంఎస్ రోగి కొనే ముందు రెండు సంగతులు రాతపూర్వకంగా అడగాలి: అందులో ఎన్‌యూడీటీ15 ఉందా, హెచ్‌ఎల్‌ఏ-బి*15:02 ఉందా? హెచ్‌ఎల్‌ఏ పరీక్ష పద్ధతి వేరు కావడం వల్ల చాలా ప్యానెళ్లలో అది ఉండదు. అలాంటప్పుడు రంగుల పుస్తకం చేతికొస్తుంది గాని మీకు కావలసిన జవాబు రాదు. డిప్రెషన్‌కు, నరాల మంటకు ఎమిట్రిప్టిలిన్, ఎస్‌సిటలోప్రామ్ వంటివి కూడా వాడవలసి వచ్చే వ్యక్తికి, వాటిని విరిచే ఎంజైముల జన్యువులు సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 కలిసి ఉన్న ప్యానెల్ గిట్టుబాటు కావచ్చు. ఒక్క మందు కోసమైతే ఒక్క పరీక్షే చవక, చదువుకోవడం కూడా తేలిక. ఏ రిపోర్టులోనైనా "సాధారణం" అన్న మాట పక్కన ఏయే రూపాలు వెతికారో ఉండాలి. వెతకని రూపం దొరకలేదంటే అది లేనట్టు కాదు.

మీ పరిస్థితిని బట్టి

కొత్తగా నిర్ధారణ అయి, ఎటాక్‌లు వచ్చిపోయే దశలో మాత్రలు కోరుకునేవారు డైమిథైల్ ఫ్యూమరేట్, ఫింగోలిమాడ్ వంటివాటి మధ్య తేల్చుకోవడానికి జన్యు పరీక్ష మీద రూపాయి ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆ డబ్బు ఎమ్మారైకి, కంటి పరీక్షకు దాచుకోండి. పిల్లల్ని కనాలనుకునే స్త్రీలకు ఎంపికను నడిపేది జన్యువు కాదు, మందు శరీరంలో ఎంతకాలం ఉంటుందన్నది. సిపోనిమాడ్ ఆపాక కనీసం 10 రోజులు, ఫింగోలిమాడ్ ఆపాక 2 నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. టెరిఫ్లూనమైడ్ అయితే దాన్ని శరీరం నుంచి కడిగేసే చికిత్స తీసుకోకపోతే రెండేళ్ల దాకా కూడా మిగిలి ఉండవచ్చు.

నడక దిగజారుతూ సిపోనిమాడ్ దాకా వచ్చినవారు *3/*3 అని తేలితే కుంగిపోవద్దు. తలుపు ఒకటే మూసుకుంది, రిటుక్సిమాబ్ వంటివి ఆ ఎంజైము మీద ఆధారపడవు. ఇక ఖర్చే ప్రధానమైన కుటుంబాలకు ప్రశ్న సాధారణంగా అజాథయోప్రిన్, రిటుక్సిమాబ్‌ల మధ్య ఉంటుంది. మాత్ర ధర చూసి అజాథయోప్రిన్ చవక అనుకుంటాం గాని, రెండు జన్యు పరీక్షలు, మొదటి మూడు నెలల సీబీసీలు, వాటికోసం ప్రతిసారీ పల్లె నుంచి పట్నానికి రాకపోకలు కలిపి చూడాలి. రిటుక్సిమాబ్ మొదటి విడత భారమే, అయితే ఆ తర్వాత సాధారణంగా ఆరు నెలలకోసారి. సీబీసీకి వారం వారం రాలేని ఊళ్లో ఉన్నవారికి, జన్యువులు రెండూ బాగున్నా, నేను అజాథయోప్రిన్ వైపు మొగ్గను.

తెనాలి ఆమె పది రోజులు ఆసుపత్రిలో ఉండి తేరుకున్నారు. రెండో జన్యు పరీక్షకు మళ్లీ రక్తం ఇవ్వాల్సి వచ్చింది, మొదటి నమూనా ల్యాబు దగ్గర మిగలలేదు. ఇప్పుడు రిటుక్సిమాబ్ మీద ఉన్నారు. మొన్న తమ్ముడిని వెంటబెట్టుకుని వచ్చారు. తల్లిదండ్రులిద్దరి దగ్గరా ఒక్కో మార్పు చెందిన ప్రతి ఉన్నప్పుడు, తోబుట్టువులలో ప్రతి ఒక్కరికీ రెండు ప్రతులూ వచ్చే అవకాశం నాలుగో వంతు అని డాక్టరు అతనికి వివరించారు. అతనికి ఏ జబ్బూ లేదు. అయినా ఇదే మందు పేగుల జబ్బుకు, కిడ్నీ మార్పిడికి వాడతారు, దీని వరసైన మెర్‌కాప్టోప్యూరిన్ పిల్లల బ్లడ్ కేన్సర్‌కు వాడతారు. ఆమె ఫైలు అట్టమీద ఎర్ర పెన్నుతో, పెద్ద అక్షరాలతో, "అజాథయోప్రిన్, మెర్‌కాప్టోప్యూరిన్ ఇవ్వకూడదు – ఎన్‌యూడీటీ15 రెండు ప్రతులూ లోపం" అని రాసి ఉంది. తమ్ముడు జేబులోంచి ఫోను తీసి దానికి ఫొటో తీసుకున్నాడు.